ఖాళీ ట్రిప్పు

మా ఇషాక్ భాయ్‌కి ఒక పిచ్చి ఉన్నది. పాతబస్తీ జహనుమాల పెండ్లి కార్లు కిరాయికి తిప్పుతడు. టాంకు ఫుల్ లేకుంటే బండిని గల్లీ దాటనియ్యడు. "బరాత్ కారు బంకు కాడ ఆగిందంటే నా ఇజ్జత్ పోయినట్టే" అంటడు. ఆయన ఆఫీసుల ఫోన్లు ఎత్తేది నేనే, ఈ మాట ఇని ఇని నా చెవులు తూట్లు పడ్డయి.

గాజుల వ్యాపారం చేసే అమీర్ భాయ్ తమ్ముని నిఖా నాగపూర్‌ల కుదిరింది. తల్లి సురయ్యా బేగంకు నడుము దెబ్బతిన్నది, కార్ల అంత దూరం కూసోలేదు. "చిన్న విమానం కిరాయికి మాట్లాడు ఇషాక్ భాయ్. నువ్వు గూడ మాతోనే రా" అన్నడు అమీర్. మా భాయ్ పుట్టినకాడికెల్లి విమానం ఎక్కని మనిషి! షేర్వానీ కుట్టించుకున్నడు, అత్తరు కొన్నడు, గల్లీ గల్లీకి చెప్పుకున్నడు.

విమానం కంపెనీవాళ్లు ఖర్చు చెప్పిండ్రు. విమానం బెంగళూరు నుంచి ఖాళీగ వస్తది. పెండ్లోళ్లను తీస్కపోయి, పొద్దుగూకంగ మల్ల ఈడ దించి, ఖాళీగ బెంగళూరు పోతది. ఆ ఖాళీ ట్రిప్పుల ఇంధనం గూడ పెండ్లోళ్ల మీదనే. భాయ్ లొల్లి వెట్టిండు. "మనిషి ఎక్కనిదానికి పైసలేంది?"

మా డ్రైవర్ డానియేలు పక్కున నవ్విండు. "భాయ్, మనం వరంగల్‌ల దించి ఖాళీగ వచ్చినా రానుపోను కట్టించుకుంటం గద!"

భాయ్ కంపెనీకి సరే అన్నడు. అయినా ఊకుంటడా? "టాంకు మాత్రం ఫుల్ చెయ్యుండ్రి" అని ఫోన్ల హుకుం ఏసిండు. సామాను ఎంత అని వాళ్లు అడిగితే "ఏముంటది, రెండు సూట్‌కేసులు" అన్నడు.

పెండ్లోళ్ల సామాను రెండు సూట్‌కేసులా, అయ్యో దేవుడా! పెండ్లికూతురి బట్టలు, మిఠాయి బుట్టలు, ఇత్తడి గిన్నెలు. బేగంపేట ఎయిర్‌పోర్టుల తూకం చూసి పైలట్ తల అడ్డంగ ఊపిండు. "ఇంధనం కూడా బరువే కదా. కావలసినదానికన్నా చాలా ఎక్కువ పోయించారు. ఇప్పుడు తీయాలంటే గంటల పని. ఒక మనిషి ఆగాలి."

నిఖా టైం దగ్గర పడుతున్నది. సురయ్యా బేగం అందరి మొకాలు చూసింది. "నేను ఆగుత బేటా. మీరు పోండ్రి."

నా పాణం ఉసూరుమన్నది.

"మీరు కూసోండ్రి అమ్మీజాన్" అన్నడు భాయ్. "ఫుల్ చేయించింది నేను. ఆగాల్సింది నేనే."

షేర్వానీ నలగకుండ సవరించుకొని కార్ల నా పక్కన కూసున్నడు. జాలేసింది, కోపం గూడ వచ్చింది. ఎవరు ఫుల్ చెయ్యమన్నరు ఈ మనిషిని? అద్దంల నుంచి విమానం లేసుడు చూసిండు. "ఏమన్న అను స్వరూపా, టాంకు ఫుల్ గద, నడుమల యాడ ఆగది."

పొద్దుగూకంగ పెండ్లోళ్లను తీస్కరానీకె మల్ల పోయినం. సురయ్యా బేగం చక్రాల కుర్చీల వచ్చింది, పైలట్ చెయ్యి పట్టుకొనే వచ్చింది, ఇడిస్తలేదు.

"బెంగళూరు దాంక ఖాళీగనే పోతున్నరు గద? ఆ పెట్రోలు పైసలు మావే. మా ఇషాక్‌ను కూసోవెట్టుండ్రి."

పైలట్ కంపెనీకి ఫోన్ చేసి, నవ్వి, సరే అన్నడు.

భాయ్ లోపలికి పోతూ పోతూ తిరిగి ఒర్లిండు: "ఖాళీ ట్రిప్పుకు పైసలేంది అన్నదెవడ్రా?"

"నువ్వే భాయ్!" అన్నం నేను, డానియేలు.

తెల్లారి బెంగళూరు బస్సుల వచ్చిండు, నలిగిన షేర్వానీతోని, మొకం నిండ నవ్వుతోని. వస్తనే మా అందరికి చాయ్ చెప్పిండు.