నాలుగో వాయి పాకం

మూడో వాయి పాకం కూడా పాకమ్మ సింకులో పారబోసింది. కాఫీ కొట్టాయన మూడింటికి వస్తానన్నాడు. గడియారం అప్పటికే ఒంటిగంట దాటింది. డబ్బాలో పంచదార ఇంకొక్క వాయికే ఉంది.

వీధి చివర కొట్టులో చలికాలం అమ్మే నురగపాల లాటేల్లో పోసే మసాలా కాఫీ పాకం పన్నెండేళ్లుగా ఆమే చేస్తోంది. అందుకే అసలు పేరు పోయి పాకమ్మ మిగిలింది. చూడ్డానికి చిన్న పనే. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు నూనె వేయని మూకుట్లో వేయించాలి. అవి కమ్మగా గుప్పుమన్న క్షణాన దించి, చిక్కటి డికాషన్‌లో పంచదారతో కలిపి సన్నసెగ మీద మరగనివ్వాలి. తీగ రాకముందే ఆపాలి. తీగ వచ్చిందంటే రెండు రోజుల్లో సీసాలో పలుకు కడుతుంది. తీగ సంగతి వేళ్లు చెబుతాయి. గుప్పుమనడం సంగతి చెప్పాల్సింది ముక్కు. ఆ ముక్కు కాస్తా పోయిన నెల వచ్చిన జ్వరంతో పనికిరాకుండా పోయింది.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. నాలుకకు తీపి తెలుస్తోంది, చేదు తెలుస్తోంది. ఆ చేదు కాఫీదో, మాడిన లవంగానిదో మాత్రం తెలియడం లేదు. ఒక వాయి రంగు చూసి దించింది, ఒకటి గడియారం చూసి, ఇంకొకటి చిటపటలు విని. దేని మీదా నమ్మకం కుదరలేదు. కొట్టులో బల్ల మీద రెడీమేడ్ పాకం కంపెనీవాళ్లు ఇచ్చి వెళ్లిన నమూనా సీసా వారం రోజులుగా కూర్చుని ఉంది. "ఈసారి నీది రుచి చూశాకే ఏదో ఒకటి తేలుస్తా" అన్నాడు కొట్టాయన. ఈ పని పోతే ఇక ఆమె ఇంట్లో నలుగురి బట్టలు ఆరేసే మనిషి, అంతే.

మూడుసార్లూ తోడికోడల్ని పిలిచి చూపించింది. చిన్నామె మూడుసార్లూ "బాగుందక్కా" అంది. మూడోసారైతే గరిటె ముక్కు దాకా రాకముందే అంది.

"ఏం బాగుందే?"

"అంతా బాగుందక్కా."

"అంతా అంటే?"

"అంటే... అంతా."

కాపురానికొచ్చిన కొత్తలో ఈ చిన్నామే, చుట్టాల ముందు, "లవంగం ఎక్కువైనట్టుంది" అని నోరు జారింది. "నీ ముక్కు నీ దగ్గర పెట్టుకో తల్లీ" అంది పాకమ్మ. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి పాకమ్మ ఏం వండినా చిన్నామె నోట "బాగుంది" మాటే. అది మర్యాద అనుకుని పాకమ్మ ఇన్నాళ్లూ మురిసిపోయింది.

పారబోసిన గిన్నె కింద పెట్టి, "నాకు వాసన తెలీట్లేదే" అంది పాకమ్మ నేల చూస్తూ.

చిన్నామె నవ్వింది. "నాకు పరీక్ష పెడుతున్నావా? నేను పడను."

పాకమ్మ సింకు కింద నుంచి ఫినాయిల్ సీసా తీసి, మూత విప్పి, ముక్కుకు ఆనించి గుండెల నిండా పీల్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మొహం చిట్లించలేదు. మళ్లీ పీల్చబోతుంటే చిన్నామె సీసా లాక్కుంది.

"పిచ్చి గానీ పట్టిందా నీకు!" సీసాకు మూత పెట్టి గొంతు తగ్గించింది. "మాడిందక్కా. మొదటిదీ మాడింది, రెండోదీ మాడింది. పొద్దున్నుంచీ ఇల్లంతా మాడు కంపే."

"మూడోది?"

"అది నిజంగానే బాగుంది."

పాకమ్మ సింకు వైపు చూసింది. తూము చుట్టూ గోధుమరంగు నురగ ఇంకా ఆరలేదు.

నాలుగో వాయికి చిన్నామెను పొయ్యి పక్కనే నిలబెట్టింది.

"గుప్పుమనగానే చెప్పు."

"అదెప్పుడో నాకేం తెలుసక్కా?"

"నాకు మాత్రం తెలుసా ఇప్పుడు?"

చిన్నామె మూకుడు మీదకు వంగింది. "ఇంకా లేదు... ఇంకా... ఆఁ, దించు, దించెయ్!"

కంటికి లవంగాలు పచ్చిగానే కనిపించాయి. అయినా పాకమ్మ దించేసింది.

మూడింటికి వచ్చిన కొట్టాయన ఫ్లాస్కులో నురగ పాలు తెచ్చుకున్నాడు. అక్కడే పాకం కలుపుకుని రెండు గుక్కలు తాగాడు.

"లవంగం వెనకబడింది. కావాలనే తగ్గించావా పాకమ్మా?"

అవునంటే చెల్లిపోయేదే. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చింది.

"నేనే తొందరపడి దించమన్నానండీ" అంది చిన్నామె.

"నువ్వు చెబితే ఈవిడ దించడమా!" ఆయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"నాకు ముక్కు పనిచెయ్యట్లేదండీ" అంది పాకమ్మ. "నెలైంది."

ఆయన గ్లాసు కింద పెట్టి, పాకం సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. సాయంత్రం జనానికి ఇదే పోస్తానన్నాడు, వాళ్లేమంటారో చూస్తానన్నాడు. కంపెనీ సీసా ఊసెత్తలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మాత్రం, "ఎల్లుండికి ఇంకో వాయి చేసివ్వండి. చూద్దాం" అన్నాడు.

పన్నెండేళ్లుగా ఆయన ఆమెతో 'చేసివ్వు' అనే అన్నాడు. ఈ 'అండి' జాలితో పుట్టిన మర్యాదో, ఇద్దర్నీ కలిపి అన్న మాటో ఆమెకు అంతుపట్టలేదు.

తలుపు వేసి వచ్చేసరికి చిన్నామె మూకుడు తోముతోంది.

"ఎల్లుండి నీకు తీరిక ఉంటుందా?" అంది పాకమ్మ. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా అడగలేదు.

చిన్నామె చేతులు ఆగాయి. ఎప్పటిలా ఊఁ అనకుండా, "ఈసారి లవంగం ఇంకాస్త వేగనిద్దామక్కా" అంది.