లచ్చమ్మ పెద్దమ్మ బొగ్గుల కొట్టు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఆగిపోయి ఉంది. నేను వాగుడుకాయని. కూరలో ఉప్పు ఎక్కువైనా వీధంతా చెప్పుకుంటాను. ఈ ఒక్కటి మాత్రం అమ్మకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్తున్నాను.

పదో తరగతి తర్వాత కొత్తగూడెంలో, బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో ఖాళీగా తిరుగుతున్న రోజులవి. పిల్లులు ఎక్కువయ్యాయని కొందరు వాటిని సంచుల్లో కట్టి భద్రాచలం రోడ్డు అడవిలో పారేసి వచ్చేవాళ్లు. అది చూడలేక స్నేహితులం నలుగురం ఒక పని మొదలుపెట్టాం. బోనులో పట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, గుర్తుగా చెవి కొన కత్తిరించాక పట్టిన చోటే వదలడం. పశువుల డాక్టరు గురువారం మాత్రమే వచ్చేవారు. ఆడపిల్లి పడితే ముందు పొట్ట చూడాలి, పాలిస్తుంటే వదిలేయాలి. ఇది డాక్టరు గారు మొదటి రోజే చెప్పిన మాట.

లచ్చమ్మ పెద్దమ్మది మా పక్క క్వార్టర్ల లైను. ఆమె వాకిట్లో తిరిగే బూడిద రంగు పిల్లి మూడు వారాలు నన్ను ఏడిపించింది. బోను దాకా వచ్చి, ఎండుచేప వాసన చూసి, వెనక్కి పోయేది.

"ఏందే డాక్టరమ్మా, పిల్లే నిన్ను పట్టేటట్టుంది!" అని లైనంతా నవ్వేవాళ్లు.

ఒక గురువారం పొద్దున పడింది. పొట్ట చూశాను. చనుమొనల చుట్టూ వెంట్రుకలు తడిగా అంటుకుపోయి ఉన్నాయి.

"దానికి పిల్లలేమన్న ఉన్నయా బిడ్డా?" అని పెద్దమ్మ అడిగింది.

"లేవు పెద్దమ్మా."

ఎందుకన్నాను? మళ్లీ దొరకదనా? నవ్విన వాళ్ల ముందు ఆ బోను ఎత్తుకుని నడవాలనా? రెండోదే.

డాక్టరు గారు అడిగినా అదే చెప్పాను. ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు మా దగ్గరే ఉంచాం. మొదటి సాయంత్రం పెద్దమ్మ వాళ్లు పొయ్యిబొగ్గు పోసుకునే కొట్టు పక్క నుంచి పోతుంటే సన్నగా అరుపులు వినిపించాయి. వెతికితే దొరికేవే, కానీ బయటికి తీస్తే నా అబద్ధం కూడా వాటితో పాటే బయటికొస్తుందని, రేపు చూద్దాంలే అని, రేపటికి తల్లి వచ్చేస్తుందేమోనని ఏవేవో అనుకుంటూ గబగబా నడిచాను. మర్నాడు ఆ దారినే పోలేదు.

ఆదివారం పిల్లిని తీసుకెళ్తే పెద్దమ్మ కొట్టు ముందు కూలబడి ఉంది. ఎదురుగా గోనెపట్టా మీద రెండు చచ్చిన పిల్లలు.

"నిన్న నేనే బొగ్గు కుమ్మరించిన బిడ్డా. సూసుకోకపోతి. నా చేతుల్తోని సంపుకుంటి."

వాటి ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. పొట్టలు వీపుకి అతుక్కుపోయాయి.

"తెల్వక చేసినవ్, ఊకో పెద్దమ్మా" అన్నాను. నేను ఆమెను క్షమించినట్టు!

బోను తెరవగానే తల్లి కొట్టులోకి దూరింది. వారం రోజులు అరుస్తూనే తిరిగింది.

పెద్దమ్మ ఇప్పుడు జూలూరుపాడులో కూతురి దగ్గర ఉంటోంది. పోయిన నెల వెళ్లాను, చెప్పేద్దామనే. టీ పెట్టడానికి లేచింది. పొయ్యిలోకి కట్టె తీసే ముందు కట్టెల మోపుని కర్రతో మెల్లగా తట్టింది.

"ఎవలన్న ఉంటే లేసి పోండ్రి బిడ్డా."

వంగి, చెవి పెట్టి విన్నది. అప్పుడు తీసింది.

"అలవాటైంది" అని నవ్వింది.

నేను టీ తాగి బస్సెక్కేశాను.

ఇది ఆమె వింటే ఏమంటుందో తెలీదు. వినిపించే ధైర్యం ఉందో లేదో కూడా తెలీదు. ఇక్కడ మాత్రం రాసేస్తున్నాను. బొగ్గు కింద పడి ఆ పిల్లలు చావలేదు. పాలు లేక చచ్చిపోయాయి. నాకు గురువారమే తెలుసు.