రుణం తీరిందన్న మాట

వినుకొండలో బస్సెక్కినప్పటి నుంచీ ఖలందర్ ఒకే మాట మనసులో అనుకుంటూ వచ్చాడు. చేతిసంచీలో ఆఖరి మూడు వందలు ఉన్నాయి. ఈపూరులో దిగి అవి బ్రహ్మయ్య చేతిలో పెట్టాలి. "బాబాయ్, మీ రుణం తీరింది" అనాలి. ఆ మాట అనగలిగే రోజు రావడానికి ఆరేళ్లు పట్టింది.

ఖలందర్ ఆయిలింజన్ల మెకానిక్. ఎనభయ్యో సంవత్సరంలో వినుకొండ బస్టాండు వెనక అద్దె గదిలో షాపు పెట్టి, ఇనుప భాగాలు తరిగే పాత లేతు మిషను ఒకటి కొన్నాడు. దానికోసం ఒక బట్టల వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని నోటు రాశాడు. వ్యాపారి జామీను కావాలంటే ఈపూరు రైతు బ్రహ్మయ్య వచ్చి సంతకం పెట్టాడు. వాళ్లకు చుట్టరికం లేదు. బ్రహ్మయ్య బావి మీద ఇంజను మొరాయించినప్పుడల్లా ఖలందర్ వెళ్లి బాగుచేసేవాడు, కూలి తీసుకునేవాడు కాదు. పంటలప్పుడు మిరపకాయలో, కందులో అతనింటికి చేరేవి. ఎవరూ లెక్క చూసుకోలేదు.

ఆ తర్వాత పొలాలకు కరెంటు మోటార్లు వచ్చాయి. ఇంజన్లు మూలన పడ్డాయి. వడ్డీ కూడా కట్టలేక, ఖలందర్ ఎవరికీ చెప్పకుండా గదికి తాళం వేసి, భార్య జరీనాను తీసుకుని మాచర్ల వెళ్లిపోయాడు. అక్కడ నాపరాళ్లు కోసే మిషన్ల దగ్గర పనికి కుదిరాడు. లేతును గది యజమాని అద్దె బాకీ కింద జమకట్టుకున్నాడు. వ్యాపారి ఈపూరు వెళ్లి బ్రహ్మయ్యకు ఆయన సంతకం చూపించాడు. బ్రహ్మయ్య పంచాయితీ పెట్టలేదు. ఈనిన నెలకే పాడిగేదెను అమ్మి, తక్కువైంది చేబదులు తెచ్చి కట్టేశాడు.

ఆ కబురు ఖలందర్‌కు మాచర్లలో ఒక ఈపూరు మనిషి చెప్పాడు, అదీ పదిమందిలో.

"నువ్వీడ రాళ్లు కోస్తన్నావు. ఆడ బ్రహ్మయ్య మనవళ్లు కొనుక్కొచ్చిన పాలు తాగతన్నారు."

ఖలందర్ ఆ నెలలోనే వినుకొండ తిరిగొచ్చాడు. కాలిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులో కూలికి చేరాడు. చేతిలో ఏ కాస్త మిగిలినా ఈపూరు వెళ్లి ఇచ్చేవాడు. బ్రహ్మయ్య ఎంతని అడగకుండా రొండిన దోపుకునేవాడు. కానీ తన మోటారు కాలితే మాత్రం నరసరావుపేట పంపేవాడు. తనమీద ఆయనకు నమ్మకం పోయిందని ఖలందర్ అనుకున్నాడు. బాకీ ముగిశాక నెలనెలా దాచి, రెండేళ్లలో సొంతంగా వైండింగ్ షాపు పెట్టాలని, అప్పుడు చూపించాలని పట్టుదల పెంచుకున్నాడు.

ఆ రోజు బస్సు దిగి అతను వెళ్లేసరికి బ్రహ్మయ్య మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆయన భార్య తిరుపతమ్మ ఇద్దరు కూలి ఆడవాళ్లతో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఖలందర్ డబ్బిచ్చి, అందరికీ వినపడేలా అనుకున్న మాట అనేశాడు.

తొడిమలు తీసే చేతులు ఆగాయి.

"ఏందిరా అన్నావ్?" అంది తిరుపతమ్మ.

"రుణం తీరింది పిన్నీ. ఇక మీకూ నాకూ..."

నాలుక కరుచుకున్నాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. అప్పు కట్టినవాడు బాకీ తీరిందంటాడు. రుణం తీరిందన్న మాట మనిషిని కాటికి సాగనంపి వచ్చాక అంటారు, లేదా ఆలుమగలు విడిపోయినప్పుడు అంటారు.

"ఇన్నావయ్యా? నీకూ వాడికీ ఇయ్యాల్టితో చెల్లంట!" అంది తిరుపతమ్మ మొగుడితో. తర్వాత ఖలందర్ వైపు తిరిగింది. "గేదె డబ్బులిచ్చావు, సరే. నిన్ను నమ్మి సంతకం పెట్టాడే, దానికెంత కట్టావురా?"

"ఊరుకోయే. వాడు బాకీ సంగతన్నాడు," అన్నాడు బ్రహ్మయ్య. "ఒరేయ్, మోటారు మూలుగుతంది. వచ్చినోడివి చూసి పో."

ఖలందర్ తెల్లబోయాడు. "ఇన్నేళ్లూ పేటకు పంపావు గదా బాబాయ్? నా పని మీద నమ్మకం లేదనుకున్నా."

"బాకీ ఉన్నోడి చేత ఊరికే పని చేయించుకుంటే వడ్డీ గుంజినట్టు గాదంట్రా? కూలిస్తే నువ్వు తీసుకోవు. అందుకని పిలవలా."

ఖలందర్ పొలానికి నడిచాడు. మోటారు విప్పుతుంటే ఇన్నాళ్లూ షాపు కోసం వేసుకున్న లెక్కలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎవరికి చూపించాలని షాపు పెట్టాలనుకున్నాడు? తనచేత వడ్డీ చాకిరీ చేయించకూడదనుకున్న మనిషికి!

పని ముగించుకుని వచ్చి చేతులు కడుక్కుంటుంటే తిరుపతమ్మ ఇరవై రూపాయలు తెచ్చింది.

"వద్దు పిన్నీ. మీ దగ్గర ఎప్పుడన్నా కూలి తీసుకున్నానా?"

"అప్పుడు మనోడివి. ఇప్పుడు రుణం తీరినోడివి. పట్టు. పేటోడికి ఇచ్చినంతే ఇచ్చాలే, ఎక్కువేం ఇయ్యలా."

కూలి ఆడవాళ్లు నవ్వారు. ఖలందర్ బ్రహ్మయ్య వంక చూశాడు. ఈసారి ఆయన భార్యను ఊరుకోమనలేదు. ఆరిన చుట్టను మళ్లీ వెలిగించుకుంటున్నాడు. ఖలందర్ చెయ్యి చాపాడు.

ఆ రాత్రి జరీనా, "ఇక షాపుకు దాచుకుందామా?" అని అడిగింది.

"షాపు తర్వాత. ముందు ఇంకొకళ్ల సంతకం అడక్కుండా గడిచేంత దాచాలి," అన్నాడు.

ఇప్పుడు నెలకు యాభై పోస్టాఫీసులో వేస్తున్నాడు. ఈపూరు నుంచి కబురొస్తే ఉన్న పని వదిలేసి వెళ్తాడు. బ్రహ్మయ్యను బాబాయ్ అనే పిలుస్తాడు, ఆయన పలుకుతాడు. పని అయ్యాక తిరుపతమ్మ కూలి తెచ్చిస్తుంది. అది ఎంతో చూడకుండా, ఆమె ముఖమూ చూడకుండా జేబులో వేసుకుని బస్సుకు వెళ్లిపోతాడు.