అమ్మ బయటి మనిషా?

ఆంటీ పోయారన్న కబురు నాకు వాట్సప్‌లో తెలిసింది. మిషిగన్‌లో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళ గ్రూపులో, ఎవరో అమ్మకానికి పెట్టిన సోఫా ఫోటోకీ, పిల్లల కూచిపూడి క్లాసు వేళలకీ మధ్య రెండు వాక్యాలు. గుండెపోటు. శనివారం ఉదయం ఫ్యునరల్ హోమ్‌లో ఆఖరి చూపు. కింద వరసగా దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు. నేను ఆ బొమ్మ పెట్టలేదు. ఏం పెట్టాలో తెలియక ఫోను బల్ల మీద బోర్లించాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆంటీ గురించి చెప్పడానికి మంచి చాలానే ఉంది. కానీ ఆవిడ నాకు చేసిన ద్రోహం కూడా చెబుతాను. అది వదిలేసి రాస్తే మీరు చదివేది ఆవిడ గురించి కాదు, పటానికి దండేసిన మరెవరి గురించో.

నేను కరీంనగర్ నుంచి కంప్యూటర్స్‌లో ఎం.ఎస్. చేయడానికి వచ్చినదాన్ని. రెండో సెమిస్టర్‌లో నా రూమ్మేట్ మంచం దిగడం మానేసింది. క్లాసులు లేవు, తిండి లేదు. నాకు ఏం చెప్పాలో తెలియదు కనుక ఊరికే పక్కన కూర్చునేదాన్ని. మూడు వారాల తర్వాత ఒకరోజు తనంతట తనే లేచి తల దువ్వుకుని, యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆ గది ముందు కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నప్పుడు, నేను చేయాల్సింది కోడ్ రాసే పని కాదని అర్థమైంది. ఆ వేసవిలోనే వీసాకి ఆధారమైన కాగితం, ఐ-ట్వంటీ, మార్చుకుని ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ కౌన్సెలింగ్ డిగ్రీలో చేరాను.

ఇంట్లో చెప్పలేదు. మా బాపు "నా బిడ్డ అమెరికాల కంప్యూటర్ ఇంజనీరు" అని పాలవాడితో సహా వాడకట్టంతా చెప్పుకున్న మనిషి. ఆయనకి ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. డిసెంబరు సెలవులకి వెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చుని, ఎందుకో వివరంగా చెబుదామనుకున్నాను. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కాగితం మీద కూడా రాసుకున్నాను.

ఆంటీ నా క్లాస్‌మేట్. మీరు సరిగ్గానే చదివారు. యాభై ఆరేళ్ళ వయసులో, సల్వార్ కమీజు మీద మోకాళ్ళ దాకా చలికోటు వేసుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. కౌన్సెలర్ అన్నవాళ్ళు ప్రశ్న మీద ప్రశ్న వేయకూడదని టీచర్ అప్పుడే చెప్పి ముగించింది. ఆంటీ నా వైపు వంగి, "తెలుగమ్మాయివేనా? ఎక్కడుంటున్నావు? కారుందా? మరి ఎవరు దించుతున్నారు?" అన్నారు. ఆ రోజు నుంచి మంగళవారం, గురువారం ఆవిడ వ్యాన్‌లోనే వెళ్ళొచ్చాను. నేను ఎక్కేసరికి హీటర్ వేసి ఉండేది. వెనక సీట్లో స్టీలు డబ్బాలో చేగోడీలో, ఉప్మానో ఉండేవి.

కార్ల కంపెనీలు కుదేలైన రోజులవి. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళందరి ఇళ్ళకీ ఆంటీ కూరలు పట్టుకెళ్ళేవారు, ధైర్యం చెప్పేవారు. ఈ వయసులో ఈ చదువేంటని అడిగితే, "ముప్పై ఏళ్ళుగా లైసెన్స్ లేకుండా సలహాలిస్తున్నానే. పట్టుబడకముందే తెచ్చుకుందామని" అన్నారు.

సలహా ఇవ్వకూడదన్నదే ఆ చదువులో మొదటి పాఠమని ఆవిడకి తెలియదు పాపం. ముగ్గురేసి చొప్పున కూర్చుని అభ్యాసం చేసేవాళ్ళం. ఒకరు తమ జీవితంలోంచి నిజమైన సంగతి ఒకటి చెప్పాలి, ఒకరు వినాలి, మూడో మనిషి చూస్తూ రాసుకోవాలి. ఒకసారి మా మూడో మనిషి, పక్క ఊరు ట్రాయ్ నుంచి వచ్చే తెల్లమ్మాయి, తన కుక్క చచ్చిపోయిందని చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆంటీ ఆ అమ్మాయి మోకాలు తట్టి, ఇంకో కుక్కని తెచ్చుకోమన్నారు. టీచర్ మార్కులు కోసింది. వ్యాన్‌లో ఆంటీ ఒకటే గొణుగుడు. "సలహా ఇవ్వకుండా వినడమేంటే? ఆకలేసినవాడి ముందు కూర్చుని, నీ ఆకలి ఎలా ఉందో చెప్పు నాయనా అన్నట్టు!"

ఆవిడ నోట్సు తెలుగులో రాసుకునేవారు. పాఠ్యపుస్తకంలో అరపేజీ ఉన్న ఎంపతీ నిర్వచనం ఆవిడ పుస్తకంలో "వాళ్ళ కడుపునొప్పి మనకి రావడం" అని ఒక్క ముక్కలో ఉండేది. అసలు నియమం, మా వృత్తికంతటికీ ప్రాణం లాంటిది, మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉండేది: "ఈ గదిలో మాట బయటికి పోకూడదు." అది నాకు చదివి వినిపించి, "బాగా రాశానా?" అని అడిగారు. బాగా రాశారన్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాదు. ఉద్యోగాలు పోయిన ఇళ్ళలో ఎవరు ఏడ్చారో, ఎవరు తాగుతున్నారో ఆవిడకి తెలుసు. ఒక్క ముక్క నాతో అనలేదు. అందుకే నమ్మాను.

అక్టోబరులో నా వంతు వచ్చింది. అందరూ పార్కింగ్ టికెట్ల గురించీ, గురక పెట్టే మొగుళ్ళ గురించీ చెప్పి తప్పించుకుంటున్నారు. నేను మాత్రం బాపు గురించి చెప్పాను. చదువు మారానని, ఇంట్లో తెలియదని, రోజూ ఫోన్‌లో అబద్ధమాడి ఫోన్ పెట్టాక నా గొంతు నాకే అసహ్యంగా ఉంటుందని చెప్పాను. వినే వంతు ఆంటీది. ఆ రోజు ఆవిడ అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు, మోకాలు తట్టలేదు. కదలకుండా విన్నారు. ఆ సెమిస్టర్‌లో ఎవరూ అంత బాగా వినలేదని టీచర్ అందరిముందూ మెచ్చుకుంది.

ఆ ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"ఎవరో ఆంటీ ఫోన్ జేసింది. నువ్వు కంప్యూటర్ల సదువు ఇడిసిపెట్టినవంట గదా. నిజమేనా బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపు ఫోన్ బాపు చేతికి వెళ్ళింది. ఆయన ఊపిరి వినబడింది, అంతే. ఫోన్ పెట్టేశారు. రెండేళ్ళపాటు నాతో మాట్లాడలేదు. ఆ డిసెంబరులో నేను టికెట్ కొనుక్కోలేదు.

అమ్మ నంబరు ఆంటీకి ఇచ్చింది నేనే. బతుకమ్మ పండగనాడు నేను ఆవిడ వ్యాన్‌లో కూర్చుని అమ్మతో మాట్లాడుతుంటే నా ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఆంటీ తన ఫోన్ ఇచ్చి, చివర్లో తానూ మాట్లాడారు. "మా పిల్లను మీ చేతుల పెట్టినమ్మా, జర చూసుకోండ్రి" అంది అమ్మ. "నా కూతురనుకోండి" అన్నారు ఆంటీ. అప్పుడు నా కళ్ళు చెమర్చాయి కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మంగళవారం వ్యాన్ ఎక్కాను. తలుపు వేయకుండానే అడిగేశాను.

"క్లాసులో చెప్పింది బయటికెలా చెప్పారు ఆంటీ?"

ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయారు. ఆ మొహం నాకింకా గుర్తే. దొరికిపోయిన మొహం కాదది.

"బయటికెక్కడ చెప్పానే? మీ అమ్మకేగా చెప్పింది! అమ్మ బయటి మనిషా?"

"నేను చెప్పుకోవాల్సిన మాట అది. నేను."

"నువ్వు కుమిలిపోతున్నావు, చూస్తూ ఊరుకోనా? ఆ తల్లి నిన్ను నా చేతిలో పెట్టింది. రేపు ఇంకెవరో చెబితే ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీ మంచికేగా!"

నేను దిగిపోయాను. ఆ రోజు బస్సులో వెళ్ళి క్లాసుకి నలభై నిమిషాలు ఆలస్యమయ్యాను. టీచర్‌కి ఫిర్యాదు చేస్తే ఆంటీని కోర్సులోంచి తీసేసేవారు. చేయలేదు. గ్రూపు మార్చమని మాత్రం అడిగాను. ఎందుకని టీచర్ అడగలేదు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి రాసుకుంది. కొన్నాళ్ళు చదువు మానేద్దామా అని కూడా అనుకున్నాను. నియమం రాసుకున్న మనిషే దాన్ని అంత తేలిగ్గా దాటితే, ఇంక ఈ గదుల్లో ఎవరు ఎవరిని నమ్మాలి? మానలేదు. మొండితనంతో పూర్తిచేశాను, ఆ పైన చదివాను, ఇప్పుడు ఒక హైస్కూల్లో కౌన్సెలర్‌ని.

బాపు మళ్ళీ మాట్లాడుతున్నారు. నా ఉద్యోగం గురించి పాలవాడికి చెబుతున్నారని కూడా విన్నాను. కానీ ఏడాదికొకసారైనా అడుగుతారు. "ఆ ఆంటీ జెప్పకుంటే నువ్వు చెప్తుంటివా బిడ్డా?" చెప్తుంటి బాపూ, అంటాను. ఆయన నవ్వి ఊరుకుంటారు. నమ్మరు. ఎలా నమ్ముతారు? రుజువు చేసుకునే ఒక్క అవకాశాన్నీ ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నారు. మీరు అనుకునేట్టు రహస్యం బయటపడిందని కాదు నా బాధ. అబద్ధాలకోరుగా దొరికిపోయాను. నిజం చెప్పిన కూతుర్ని కాలేకపోయాను.

ఆంటీ కూడా డిగ్రీ పూర్తిచేశారు. పట్టాలిచ్చే రోజున అటు వరసలోంచి చెయ్యి ఊపితే నేను తల తిప్పుకున్నాను. తర్వాత గుడిలోనో, ఎవరి బేబీ షవర్‌లోనో కనబడితే డబ్బా చేతిలో పెట్టేవారు, నేను థాంక్స్ చెప్పి తీసుకునేదాన్ని. క్షమించమని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, కొట్లో బెండకాయలు ఏరుతూ, నా వైపు చూడకుండా, "ఈ మధ్య నేను ఎవరికీ ఏదీ చెప్పడం లేదమ్మా" అన్నారు. మంచిది ఆంటీ, అని నా బండి తోసుకుపోయాను.

శనివారం వెళ్ళాను. హాలు నిండా జనం. ఆ రోజుల్లో ఉద్యోగాలు పోయిన ఇళ్ళవాళ్ళందరూ ఉన్నారు. అంకుల్ ముందు వరసలో కూర్చున్నారు, పక్క కుర్చీలో తన కోటు పెట్టి ఉంచారు. వెనక తలుపు దగ్గర, గోడకి ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముక్కు అచ్చం ఆంటీదే. పెద్ద గొడవ జరిగి, ఆరేళ్ళుగా ఇంటికి రాని కూతురని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆమె దగ్గరికి పోవడం లేదు. నేను బయల్దేరుతుంటే నా వెనకే పార్కింగ్ లాట్‌లోకి వచ్చింది.

"డాడ్ చెప్పారు, మీరు అమ్మ క్లాస్‌లో ఉన్నారు అని. ఆ క్లాస్‌లో పీపుల్ అన్నీ చెప్తారు కదా? అమ్మ నా గురించి ఏమైనా చెప్పిందా?"

చెప్పారు. నా వంతుకి వారం ముందు ఆవిడ వంతు. వినే మనిషిని నేను. ఆ సాయంత్రం ఆంటీ తన కూతురి గురించి ఒకే ఒక్క మాట చెప్పారు. ఏ కూతురైనా తల్లి నోటి నుంచి వినాలని ఎదురుచూసే మాట. చెప్పి, కళ్ళు తుడుచుకుని, "ఇది దానికి మాత్రం తెలియకూడదు" అన్నారు. అది ఇక్కడ మీకు కూడా చెప్పను. మనిషి పోయినా ఆ గదిలో మాట బయటికి పోకూడదని మాకు నేర్పారు.

"చెప్పారు," అన్నాను. "అంతకన్నా నేను చెప్పకూడదు. రూల్."

"షీ ఈజ్ గాన్. ఇంకా ఏం రూల్?"

నా కోపం ఎక్కడికీ పోలేదు. ఆవిడ లాగా నేను చేయనని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ అమ్మాయి చేతులు చలికి ఎర్రబడ్డాయి, కోటు కూడా వేసుకోలేదు.

"ఓకే. అది చెప్పొద్దు. మంచి మాటా, బ్యాడ్ మాటా? అదొక్కటి."

అది కూడా చెప్పకూడదు. ఏదీ బయటికి చెప్పనని నా దగ్గరికి వచ్చే స్కూలు పిల్లలకి నేనే మాటిస్తాను.

తల ఊపాను.

ఎంత ఊపానో, అది కనబడిందో లేదో నాకు తెలియదు. ఆ అమ్మాయి కాసేపు నా మొహం వంక చూసింది. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. నేను అద్దాల తలుపులోంచి చూస్తూ నిలబడ్డాను. తలుపు దగ్గర ఆగలేదు. జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందు వరస దాకా వెళ్ళింది. అంకుల్ తలెత్తి చూసి, పక్క కుర్చీలోంచి తన కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.