బుఖార్ అంటే జ్వరమా, ఆవిరా?

సకల జనులకూ తెలియజేయడమేమనగా, ఏసీలో వేడి బటన్ నొక్కడం చలి కాచుకోవడం కిందికి రాదు! నిన్న ఖైతాన్ పేటలో, పాత సామాన్ల కొట్లో, గది వెచ్చబరిచే పాత ఇనుప రేడియేటర్ కనబడింది. ఆవిరి పని ఇక ఖలాస్ అన్నాడు కొట్టువాడు. ఖలాసా? ఇరాక్ సిపాయినే తరిమిందయ్యా అది!

ఇరాక్ వాళ్ళు ఈ దేశం మీద పడ్డ ఏటి చలికాలం మన ఈడువాళ్ళకు గుర్తుందిగా? నాన్న బాయిలర్ మెకానిక్. మా గదిలో ఆయన బిగించిన రేడియేటర్‌ను పీకుదామని ఒక సిపాయి వచ్చాడు. నేను దుప్పట్లో ఉన్నాను. అమ్మ అడ్డం నిలబడి, పిల్లకు జ్వరమని తనకొచ్చిన హిందీలో "బుఖార్! బుఖార్!" అని అరిచింది. అరబ్బీలో బుఖార్ అంటే ఆవిరి. అప్పుడే రేడియేటర్ బుస్సుమంది. పేలుతుందనుకుని సిపాయి పరుగో పరుగు.

"వాడేమే, అట్లా పరిగెత్తినాడు?" అంది అమ్మ.

రేడియేటర్ బుస్సుమనడం మాత్రం పచ్చి కల్పన. డీజిల్ లేక అదెప్పుడో చల్లారింది. బుస కొట్టింది దుప్పట్లో నేను. ఆవిరి లేకుండానే ఆవిరి పని జరిగిందిగా, ఇంకేం ఖలాస్?