అన్న ఆపిన చోటు నుంచి

నేను బోరు మోటార్లు బాగుచేస్తాను. తరిగొప్పులలో మా దుకాణం. దయ్యాలూ భూతాలూ నా దగ్గర చెల్లవు. ఒకసారి ఒక రైతు, చనిపోయిన తన తండ్రి బావి దగ్గర తిరుగుతున్నాడనీ, ఎవరూ ముట్టకుండానే మోటారు నడుస్తోందనీ చెబితే పోయి చూశాను. ఆటో స్టార్టర్ తీయడం మరిచిపోయారు. కరెంటు వస్తే మోటారు నడవక ఏం చేస్తుంది? కొబ్బరికాయలు కొట్టడం అయిపోయాకే నన్ను పిలిచారు, అది వేరే సంగతి.

దేనికైనా కారణం ఉంటుంది, పెట్టె విప్పితే దొరుకుతుంది అనుకునే మనిషిని. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం విప్పడానికి నాకు పెట్టె దొరకలేదు.

మా అన్న యాకయ్య పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పదేళ్ళ కిందటి దాకా అతని పక్కన రెండో క్లారినెట్ నాది. మా బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. ఊరేగింపు బయలుదేరాక పందిరి చేరేదాకా పాట ఆగకూడదు. ముందువాడికి ఊపిరి చాలకపోయినా, దగ్గు వచ్చినా, రెండోవాడు సరిగ్గా ఆ చోటునుంచే అందుకోవాలి. రెండు చేతులూ క్లారినెట్ మీదే ఉంటాయి కాబట్టి సైగ మోచేతితో. ఎడమ మోచేయి నా పక్కటెముకల్లో తగిలిందంటే అందుకోమని. అన్న మోచేయి గట్టిది. పెళ్ళిళ్ళ సీజను అయిపోయేసరికి నాకు అక్కడ కమిలిపోయి ఉండేది.

డీజేలు వచ్చాక మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గారు. నేను క్లారినెట్‌ను పెట్టెలో పెట్టేసి మోటార్లలో పడ్డాను. అన్న వదల్లేదు.

డోర్నకల్‌లో ఒక పెళ్ళి ఊరేగింపులో జోసెఫ్ సార్ మా అన్న వాయింపు విన్నాడు. ఆయన రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి, శాక్సఫోన్ వాయిస్తాడు. అన్నకు ఒక జబ్బుండేది. అందరికీ తెలిసిన పాటే మొదలుపెట్టి, మధ్యలో ఎటో పోయి, తోచింది వాయించి, మళ్ళీ వచ్చి పాటలో కలిసేవాడు. ఇవాళ పోయిన దారిలో రేపు పోడు. దీన్ని జాజ్ అంటారని సార్ చెప్పాడట. "మా బ్యాండు మేస్త్రి తిక్క అంటడు సార్" అన్నాడట అన్న.

అప్పటినుంచి నెలకో ఆదివారం అన్న డోర్నకల్ పోయేవాడు. స్టేషన్ దగ్గర ఒక పాత హాలు. మధ్యాహ్నం మూడింటికి మొదలు. సార్ శాక్సఫోన్, చర్చిలో కీబోర్డు వాయించే ఒకాయన, డ్రమ్ముల దగ్గర ఒక రైల్వే ఉద్యోగి, మా అన్న. ప్లాస్టిక్ కుర్చీల్లో వినేవాళ్ళం ఇరవై మంది ఉంటే ఎక్కువ. జనగామలో రైలెక్కి నేనూ తోడు పోయేవాణ్ణి.

మొదట్లో నాకు నచ్చలేదు. ఎవరికి తోచింది వాళ్ళు ఊదుకుంటే మేం కూర్చుని వినడం దేనికి అనుకున్నాను. నాలుగైదుసార్లు పోయాక తెలిసింది. ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరి వంతు. వంతు వచ్చినవాడు అప్పటికప్పుడు తనది కల్పిస్తాడు, మిగతావాళ్ళు కిందినుంచి ఆసరా ఇస్తారు. ముందు ఏం రాబోతుందో వాయించేవాడికే తెలియదు. అన్న వంతు రాగానే నేను కుర్చీ అంచుకు జరిగేవాణ్ణి. పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు వాయించాను గానీ, అన్నను సరిగ్గా విన్నది ఆ కుర్చీలో కూర్చున్నాకే.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం అన్న తన వంతులో కొత్తదేదో ఎత్తుకున్నాడు. నిదానంగా పైకి పోతోంది. సగంలో స్వరం జారింది. కుడి చెయ్యి క్లారినెట్ మీదినుంచి ఊడి కిందికి వేలాడింది. పడిపోతూ ఎడమ మోచేతిని పక్కకు పొడిచాడు. పక్కన ఎవరూ లేరు. నేను మూడో వరుసలో ఉన్నాను.

ఖమ్మంలో దవాఖానకు తీసుకుపోయాం. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ప్రాణం దక్కింది. అన్న కూతురు రజిత భూపాలపల్లిలో ఉంటుంది, అల్లుడికి బొగ్గుగనిలో ఉద్యోగం. అన్నను తనే తీసుకుపోయింది.

నేను చూడ్డానికి పోయి మంచం మీద కూర్చోగానే అన్న ఎడమ మోచేతితో నన్ను పొడిచేవాడు. పోయిన ప్రతిసారీ అంతే. పక్కకు తిప్పమంటున్నాడేమో అని రజిత తిప్పేది. అన్న కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. రెండుసార్లు తెలియనట్టే ఊరుకున్నాను. మూడోసారి ఉండబట్టలేక చెప్పేశాను.

"అన్నా, నువ్వు కొత్తగ ఎత్తుకున్నవ్. మిగిలింది నాకెట్ల ఎరుకైతది? అది నీ కడుపులనే ఉన్నది."

మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తిరుగు బస్సులో ఎంత ఏడుపు వచ్చిందో నాకే తెలుసు.

నాలుగు నెలల తర్వాత జోసెఫ్ సార్ ఫోన్ చేశాడు. మళ్ళీ కూర్చుంటున్నాం రమ్మన్నాడు. అన్న పడిపోయిన రోజు వాయించిన పాటే వాయిస్తారట. అన్న వంతు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ ఊదరు, డ్రమ్మూ కీబోర్డూ మాత్రం నడుస్తుంటాయి, అది అన్నకు వదిలేసిన చోటు. పోయాను. అన్న కుర్చీ అన్న చోటే ఉంది.

అన్న వంతు వచ్చింది. సార్ శాక్సఫోన్ దించుకుని కూర్చున్నాడు. నేను నేలవైపు చూస్తున్నాను. కొంతసేపటికి శాక్సఫోన్ మొదలైంది. తలెత్తి చూస్తే సార్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. అన్న స్వరం జారిన చోటునుంచి, సరిగ్గా అక్కడినుంచే. పైకి పోయింది, మలుపు తిరిగింది, కిందికి దిగుతూ దిగుతూ ఆగిపోయింది. సార్ నోటినుంచి శాక్సఫోన్ తీసి దానివైపే చూశాడు. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. రైలు కోసం గడియారం చూడటం నాకు అలవాటు.

అయిపోయాక అడిగాను. ఊరుకుందామనే కూర్చున్నాననీ, వేళ్ళు పోతుంటే తాను వెంటపోయాననీ చెప్పాడు. అంతకంటే ఆయనకూ తెలియదు.

స్టేషన్‌లో ఫోన్ చూసుకుంటే రజిత వీడియో పంపి ఉంది. "చిన్నబాపూ, బాపు కుడిచెయ్యి కదిలింది సూడు" అని కింద రాసింది. అన్న పొట్టమీద దుప్పటి. రెండు చేతులూ దుప్పటి మీద, ఎడమది పైన, కుడిది కింద. వేళ్ళు కదులుతున్నాయి. వినిపించేది టీవీలో సీరియల్ ఒక్కటే. రజితకు అది చెయ్యి కదలడం. నాకు అది క్లారినెట్.

బెంచీ మీద కూర్చుని, నా చేతిసంచి మీద వేళ్ళు పెట్టి, వీడియోలో అన్న వేళ్ళ వెంట పోయాను. పైకి పోవడం, మలుపు, దిగడం, అన్నీ గంట ముందు హాల్లో విన్నవే. సార్ ఆగిన చోట అన్న వేళ్ళు ఆగలేదు. ఇంకో ఏడు స్వరాలు నడిచి అప్పుడు ఆగాయి. ఎన్నింటికి తీశావని రజితకు ఫోన్ చేసి అడిగాను. ఫోన్‌లో చూసి చెప్పింది. నాలుగూ ఇరవై.

ఇంటికొచ్చి పెట్టెలోంచి క్లారినెట్ తీశాను. నోటి దగ్గర ఉండే పలుచని రీడు ఎండి పగిలిపోయింది, కొత్తది వేశాను. వీడియో చూస్తూ వాయించాను. హాల్లో విన్నదే వచ్చింది. నాకు నేనే అడ్డుప్రశ్నలు వేసుకున్నాను కూడా. ఆ రోజు హాల్లో ఎవరూ రికార్డు చేయలేదు, ఉన్నది నా చెవి ఒక్కటే. అన్న ఎప్పుడైనా సార్ దగ్గర అది వాయించి ఉండొచ్చు. పోయిన చెయ్యి అప్పుడప్పుడు కదలడం ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఇవన్నీ ఒప్పుకున్నా, రెండు ఊళ్ళలో ఒకే నిమిషం ఎట్లా పడింది? ఆ చెయ్యి మళ్ళీ కదలలేదు కూడా.

తర్వాతి ఆదివారం క్లారినెట్ తీసుకుని భూపాలపల్లి పోయాను. మంచం మీద అన్నకు ఆనుకుని కూర్చున్నాను. మోచేయి తగిలింది. ఈసారి అందుకున్నాను. జారిన చోటునుంచి మొదలుపెట్టి, చివరి ఏడు స్వరాలు కూడా వాయించి ఆపాను. పదేళ్ళ తర్వాత ఊదడం, రెండుచోట్ల గాలి తప్పింది. అన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

నా బాధ్యత తీరిందనుకుని క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ పొడిచాడు.

"అయిపోయిందన్నా. నీది మొత్తం వాయించిన. ఇంకేం లేదు."

మళ్ళీ పొడిచాడు, పెళ్ళిళ్ళ నాటంత గట్టిగా. అప్పుడు గుర్తొచ్చింది. డోర్నకల్ హాల్లో ఒకరి వంతు అయిపోతే పాట అయిపోయినట్టు కాదు, పక్కవాడి వంతు వస్తుంది.

నా జన్మలో సొంతంగా ఒక్క స్వరం కల్పించినవాణ్ణి కాదు. క్లారినెట్ నోట్లో పెట్టుకుని, ఎటు పోవాలో తెలియకుండా మొదలుపెట్టాను. వంకర టింకరగా పోయింది. అన్న సగం మూతితో నవ్వాడు.