వెనక దండెం మీది ఖాకీ చొక్కా

బట్టలారేసే దండేలు మా ఇంట్లో రెండు. వీధి వైపు దండెం మీద చీరలు, దుప్పట్లు ఆరేవి. పెరటి దండెం మీద, మా నాయన లుంగీ చాటున, నా ఖాకీ చొక్కా ఆరేది. పుంగనూరులో మా వీధివాళ్లందరి దృష్టిలో, మా చుట్టాల దృష్టిలో కూడా నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. నిజానికి రోజూ బస్సెక్కి మదనపల్లె ఐటీఐకి పోయి కరెంటు పని నేర్చుకునేదాన్ని.

ఆ అబద్ధం అందరికీ చెప్పింది అమ్మేనని తప్పించుకోలేను. బస్సులో ఆ చొక్కా మీద చున్నీ కప్పుకుని కూర్చున్నది నేనే. మా క్లాసు మగపిల్లలు కూడా బస్టాండు రాకముందే ఖాకీ విప్పి సంచిలో కుక్కేవాళ్లు. పది తప్పినవాళ్ల చదువని ఎవరైనా అంటారేమోనని మా భయం. నేనైతే పదో తరగతి, ఇంటరు రెండూ ఫస్టు క్లాసులో పాసై, కోరి చేరాను. వర్క్‌షాపులో నేను వైరు చుట్టిన మోటారు మొదటిసారి తిరిగినప్పుడు ఎగిరి గంతేశాను. ఆ సంతోషం మా వీధిలో ఒక్కరికీ చెప్పుకోలేకపోతే ఒళ్లు మండేది.

ఆ ఏడే కుప్పంలో మా మేనత్త గృహప్రవేశం. ఇంటినిండా చుట్టాలు. వడలకు పిండి రుబ్బుతుంటే గ్రైండరు ఆగిపోయింది. ఊఁ అని మూలుగుతుందే గానీ తిరగదు.

"ఏం బావా, ఇంజినీరువి గదా, సూడు," అన్నాను అత్త కొడుకుతో.

నిజంగానే ఇంజినీరింగ్ పూర్తి చేసిన బావ, ఫోను తీసి వీడియోలు వెతకడం మొదలుపెట్టాడు. నాకంత ఓపికెక్కడిది! ప్లగ్గు పీకి, రాళ్లను చేత్తో తిప్పి చూశాను. తేలిగ్గానే తిరిగాయి. అడుగు మూత విప్పితే, మోటారుకు మొదటి ఊపునిచ్చే కెపాసిటరు ఉబ్బిపోయి ఉంది. కొత్తదాని కోసం బావను బజారుకు తరిమాను. అది బిగించి స్విచ్చి వేయగానే గ్రైండరు గిర్రున తిరిగింది. వంటింట్లో ఆడవాళ్లు ఈల వేయడం ఒక్కటే తక్కువ.

అత్త నా బుగ్గలు పుణికింది. "సూసినారా, ఇంజినీరింగ్ అంటే ఇదీ! ఒరే, నువ్వూ అదే సదివితివి గదా, నీకు యాల రాలేదురా?" అని బావను దులిపేసింది.

నాకు నవ్వు రాలేదు. పని నాది, పేరేమో నేను చదవని చదువుకు పోతోంది. ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ వైపు చూశాను.

"ఇంజినీరింగ్ కాదు వదినా," అంది అమ్మ, పిండి చేతులతోనే. "ఐటీఐ సదువుతాండాది, మదనపల్లెలో. కరెంటు పని. ఇన్నాళ్లూ నేనే దాచిపెట్టినా."

అత్త పిండి గిన్నె తన వైపు లాక్కుంది. "దాచేదానికేముండాది? మా బోరు మోటారు స్టార్టరు గూడా మొరాయిస్తాండాది. వడలు తిన్నాక పాపను అట్ల పంపు."

వంటిల్లంతా ఒకటే నవ్వులు. స్క్రూడ్రైవర్లు పట్టుకుని బావ నా వెనక బోరు దాకా నడిచాడు. ఆ పూట నేనెన్ని వడలు తిన్నానో మాత్రం చెప్పను.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికి అమ్మ బట్టలుతికేసింది. వీధి దండెం మీద, చీరలకు ముందు, నా ఖాకీ చొక్కా ఆరుతోంది. అది ఎవరిదని ఎదురింటామె అడుగుతోంది.

"మా పాపది," అంది అమ్మ. "మీ మిక్సీ ఏమన్నా చెడిపోతే చెప్పు."